ఎడంచేతి గడి

ఈ లోకంలో చేతిపనితో బతికేవాళ్లు కోట్లమంది ఉన్నారు. చేతినే మేతగా పెట్టి బతికినవాడు మాత్రం, అతని మాట నమ్మితే, చేతి బాబాయ్ ఒక్కడే.

ప్రభుత్వ సొమ్ముతో నడిచే పరిశోధనాలయంలో, రెండో అంతస్తు చివర, దోమల గదిలో అతని ఉద్యోగం. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే క్రీములు బజారులో బోలెడు. వాటిలో ఏది నిజంగా పనిచేస్తుందో, ఎంతసేపు పనిచేస్తుందో తేల్చడం ఆ గది పని. తేల్చాలంటే ఎవరో ఒకరు దోమల పంజరంలో చెయ్యి పెట్టాలి. ఇరవై రెండేళ్లుగా ఆ చెయ్యి బాబాయ్‌ది.

కాగితాల మీద అతని హోదా ప్రయోగశాల సహాయకుడు. బస్సులో పక్కవాళ్లకి చెప్పుకునే హోదా వేరు. "రోజూ రెండు వందల మంది ఆడవాళ్లకి భోజనం పెడతానండీ," అనేవాడు. పక్కవాడి మొహంలో రంగులు మారేదాకా ఆగి, "దోమల్లో కుట్టేది ఆడదేనండీ, మగది పాపం తీపి నీళ్లు తాగి ఊరుకుంటుంది," అని అప్పుడు ముడి విప్పేవాడు.

కోతలు కోయడంలో బాబాయ్ తర్వాతే ఎవరైనా. ఒకసారి రెండు వందల దోమలూ ఏకమై అతని చేతిని పంజరంతో సహా పైకి లేపేశాయట. కాలు బల్లకి మెలేసి ఆపుకున్నాడు కాబట్టి సరిపోయిందట, లేకపోతే కిటికీలోంచి పోయేవాడట. జ్వరమొచ్చి పదిరోజులు రాకపోతే దోమలు గోడవైపు తిరిగి కూర్చున్నాయట. తొమ్మిదో తరగతిలో బడి ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "నేను మానేశాను కానీ బడి తట్టుకోలేకపోయిందండీ, ఆ ఏడే పైకప్పు కూలింది," అనేవాడు. పరిశోధన విద్యార్థులు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. వాళ్లే అతనికి చేతి బాబాయ్ అని పేరు పెట్టారు.

అయితే నోటితో ఎన్ని కోసినా ఒక్కచోట మాత్రం బాబాయ్ కోత కోసేవాడు కాదు. అది ఎర్ర అట్ట రిజిస్టరు.

ఆ రిజిస్టరులో ప్రతి పరీక్షకీ రెండు గడులు. కుడిచేతిది ఒకటి, ఎడంచేతిది ఒకటి. క్రీము రాసేది కుడిచేతికి. కానీ అంతకుముందు, ఏమీ రాయని ఎడంచెయ్యి పంజరంలో అర నిమిషం పెట్టాలి. ఎన్ని దోమలు వాలితే అంత అంకె ఎడంచేతి గడిలో వెయ్యాలి. పదికి తక్కువైతే ఆ పంజరం పనికిరాదు, పక్కన పెట్టెయ్యాలి. ఎందుకంటే ఆకలిలేని దోమ ఉత్త చేతినే కుట్టదు, ఇక క్రీము గొప్పేముంది? అందుకే ముందురోజు సాయంత్రమే పంజరంలోంచి తీపినీళ్ల దూది తీసేసేవాడు బాబాయ్. పొద్దున్నకి అవి వల పట్టుకుని ఊగేవి. ఆ తర్వాతే కుడిచెయ్యి. అరగంటకోసారి, మూడేసి నిమిషాలు, మొదటి కాటు పడేదాకా. పడ్డాక నిజమో కాదో తేలడానికి రెండో కాటు దాకా. చివర, ఎవరి చెయ్యో వాళ్ల సంతకం. ఇదీ ఆ గది ఆచారం. ఆ దోమలు కూడా గుడ్డు దగ్గర్నుంచి ఆ గదిలోనే పుట్టి పెరిగినవి, ఏ రోగమూ ఎరగనివి.

ఆ పనికోసం బాబాయ్ ఇరవై రెండేళ్లుగా వాసన సబ్బు ముట్టలేదు. ఒంటికి పరిమళం తగిలితే దోమల లెక్క తప్పుతుందని అతని భయం. ఒకసారి మంగలి గడ్డం గీస్తూ మధ్యలో ఘుమఘుమలాడే సీసా ఏదో మూత తీశాడని కుర్చీలోంచి దూకి, సగం గడ్డంతో వీధి పొడుగునా నడిచి ఇంటికొచ్చేశాడు. ఇది మాత్రం కోత కాదు. వీధి మొత్తం చూసింది.

అలాంటి గదిలోకి ఒకరోజు సెంటు బాబు వచ్చాడు.

ఎందుకొచ్చాడంటే, ఆ ఏడు పైనుంచి వచ్చే గ్రాంటు సగానికి తెగింది. గది పెద్ద మేడమ్ ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి క్రీములు చేసే ఒక కంపెనీ ముందుకొచ్చింది. మిగతా సగం మేమిస్తాం, గదికి ఏసీ పెట్టిస్తాం, ముగ్గురు విద్యార్థులకి స్టయిపెండు ఇస్తాం, బాబాయ్ ఉద్యోగం కూడా మా ప్రాజెక్టు కిందకి తీసుకుంటాం అంది. బదులుగా పన్నెండు పేజీల ఒప్పందం. ఏ ఫలితమైనా ముందు కంపెనీకి చూపించాలి, వాళ్లు సరేనన్నాకే బయటపెట్టాలి. పరీక్ష ఎలా చెయ్యాలో ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. మేడమ్ రెండు రాత్రులు నిద్రపోకుండా చదివి, మూడో రోజు సంతకం పెట్టింది. ఆ కంపెనీదే మరో క్రీము మీద అప్పటికే పూర్తయిన నివేదిక ఒకటి, ఫలితం బాగాలేదని వాళ్లు ఆపమని అడిగారు కాబట్టి, సంవత్సరంగా ఆమె సొరుగులో పడుకునే ఉంది.

కంపెనీ తరఫున వచ్చే కుర్రాడు మంచివాడే. నవ్వు మొహం, ఇస్త్రీ చొక్కా. కాకపోతే అతను మెట్లెక్కుతుండగానే పైఅంతస్తుకి తెలిసిపోయేది, అంత సెంటు కొట్టుకొచ్చేవాడు.

"బాబాయ్ గారూ, ఇక మీ చేతికి సగం విశ్రాంతి," అన్నాడు కొత్త కాగితం బల్లమీద పెట్టి. "ఎడంచెయ్యి పెట్టక్కర్లేదు. మా లాయర్లు ఒప్పుకోవడం లేదు. ఊరికే ఒక మనిషిని కుట్టించడం ఏం బాగుంటుందండీ?"

"నన్ను కుట్టినందుకు దోమలు కేసు పెడితే పెట్టాలి గానీ, నేను పెట్టను బాబూ," అన్నాడు బాబాయ్. "ఎడంచెయ్యి పెట్టకపోతే వాటి ఆకలి ఎలా తెలుస్తుంది?"

"దోమలు కూడా మావేనండీ. మా పెంపకం. అన్నీ ఒకే వయసు, ఒకే సైజు. పొద్దున్నే సీలు వేసి పంపిస్తాం. మీరు కుడిచెయ్యి పెడితే చాలు."

బాబాయ్ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కిటికీ వైపు చూసింది.

ఆ రోజు పరీక్ష జరిగింది. కుడిచేతికి క్రీము రాసి పెట్టాడు. ఒక్క దోమ రాలేదు. అరగంట తర్వాత పెట్టాడు, రాలేదు. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి పెట్టాడు. అవి వల మీద తీరిగ్గా కూర్చుని అతన్ని చూశాయి. నాలుగు గంటలు, ఆరు, ఎనిమిది. సెంటు బాబు విద్యార్థులందరికీ స్వీట్లు తెప్పించాడు.

"చరిత్ర ఇది! ఇరవై రెండేళ్లలో ఎనిమిది గంటలు ఆగిన క్రీము చూశారా?"

"చూడలేదు బాబూ," అన్నాడు బాబాయ్. నిజమే. అతను చూసినవాటిలో గట్టిది మూడు గంటలు ఆగింది.

"రేపు పదకొండింటికి ఆరోగ్యశాఖ కమిటీ వస్తోంది. బడిపిల్లలకి పంచడానికి ఈ క్రీమే కొంటారు. సంతకం పెట్టెయ్యండి. ఆ ఎడంచేతి గడి ఖాళీగా ఉంటే అడుగుతారు, మామూలుగా వచ్చేదేదో వేసెయ్యండి. పన్నెండో, పదిహేనో." తర్వాత గొంతు తగ్గించి, "మీ రెన్యువల్ కాగితం కూడా రేపే వస్తుందండీ," అన్నాడు. బెదిరించినట్టు లేదు. నిజంగా శుభవార్త చెప్పినట్టే చెప్పాడు.

"చెయ్యి తిమ్మిరెక్కింది, పొద్దున్న పెడతాను," అని రిజిస్టరు మూసి వచ్చేశాడు బాబాయ్.

బాబాయ్ భార్య ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వడ్డన చేస్తుంది. మూడు షిఫ్టుల మనుషుల ఆకళ్లు ఆమెకి మొహాలు చూస్తే తెలుస్తాయి. సాయంత్రం ఇంటికి రాగానే మొగుడి ఎడంచెయ్యి దీపం కిందికి లాగి దద్దుర్లు లెక్కపెట్టి, తడిగుడ్డ వెయ్యడం ఆమెకి అలవాటు. ఆ రోజూ లాగింది. చెయ్యి తిప్పింది. మళ్లీ తిప్పింది.

"ఏమయ్యా, ఇవాళ పస్తులు పెట్టావా వాటిని?"

"ఇవాళ్టి నుంచి ఎడంచేతికి సెలవే. కంపెనీ రూలు." జరిగిందంతా చెప్పాడు. ఎనిమిది గంటలూ, స్వీట్లూ, రేపటి రెన్యువలూ.

ఆమె తడిగుడ్డ పిండుతూ విన్నది.

"నేనొకటి అడుగుతాను. పొద్దున్న షిఫ్టులో ఒకడు ఇంట్లో ఫుల్లుగా తినేసొచ్చి, నా గిన్నె వైపు చూడకుండా కూర్చున్నాడనుకో. నా గిన్నెకి గట్టి మూత ఉన్నట్టా?"

బాబాయ్ నోరు తెరిచాడు. కోత కోయడానికి కాదు. ఊరికే తెరుచుకుంది.

"వాళ్లు దోమల్ని మేపి పంపించారంటావా?"

"నాకేం తెలుసు? నువ్వు కదా దోమలతో మాట్లాడేవాడివి." గుడ్డ ఆరేసి వచ్చి మెల్లగా అంది, "చూడు, పిల్లల తల్లులు ఎనిమిది గంటలని నమ్మి సాయంత్రం ఒక్కసారి రాసి పడుకోబెడతారు. మధ్యలో లేచి మళ్లీ రాయరు. అది ఆలోచించు."

మర్నాడు బాబాయ్ గది తాళం ఏడున్నరకే తీశాడు. కంపెనీ కొత్త పంజరాలు అప్పటికే మెట్ల దగ్గర దిగి ఉన్నాయి. ఒకదాన్ని పైకి మోసుకొచ్చి టార్చి వేశాడు. దోమల పొట్టలు గాజు గింజల్లా ఉబ్బి మెరుస్తున్నాయి. అడుగు పలక మెల్లగా కదిపి చూస్తే మూలన ఇంత దూది, తడితడిగా. వేలితో తాకి నాలిక మీద పెట్టుకున్నాడు. తీపి. మామూలు తీపి కాదు, పెళ్లివారికిచ్చే షర్బత్తంత.

మేడమ్ రాగానే ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"మేడమ్, అవి భోంచేసి వచ్చిన దోమలు."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఎవరికైనా చెప్పారా?"

"మా ఆవిడే నాకు చెప్పింది."

మేడమ్‌కి నవ్వొచ్చింది, ఆగిపోయింది. "బాబాయ్, మీరు రోజుకి పది కథలు చెబుతారు. కమిటీ ముందు ఇది చెబితే పదకొండోది అనుకుంటారు. నేను చెబితే ఒప్పందం తప్పినట్టు. ముగ్గురు పిల్లల చదువు ఆగిపోతుంది. మీ ఉద్యోగం..."

ఇరవై రెండేళ్లు తను కోసిన కోతలన్నీ ఆ క్షణాన వరసగా వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది బాబాయ్‌కి. పంజరంతో ఎగిరిన చెయ్యి, గోడవైపు తిరిగిన దోమలు, కూలిన బడి. వాటి మధ్య ఒక్క నిజం చెబితే దానికి కుర్చీ ఎవరు వేస్తారు?

"నేనేం చెప్పను మేడమ్," అన్నాడు. "రిజిస్టరు మీ దగ్గర పెడతాను. ఎడంచేతి గడిలో నేను ఏమీ వెయ్యలేదు. కింద సంతకమూ పెట్టలేదు. వెయ్యాలనుకుంటే మీరు వెయ్యండి. నా చెయ్యి పెట్టనిదానికి నా పేరు పెట్టలేను."

రిజిస్టరు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. దోమల గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చే నెల నుంచి ఏం చెయ్యాలో లెక్కపెట్టుకున్నాడు. దోమలకి మేత పెట్టడం తప్ప వేరే పని రాదు. ఆ ఒక్క పనికి ఊళ్లో ఇంకో ఖాళీ ఉంటుందా? కనీసం సబ్బు మార్చుకోవచ్చు అనుకున్నాడు, కానీ ఆ మాటకి తనకే నవ్వు రాలేదు.

పదకొండింటికి కమిటీ వచ్చింది. ముందు నడిచింది ఆరోగ్యశాఖ డాక్టరమ్మ. జుట్టు నెరిసింది, చేతిలో పాత తోలు సంచి, మాట పొదుపు. వెనక ఇద్దరు గుమాస్తాలు. వాళ్లందరి వెనక సెంటు.

మేడమ్ రిజిస్టరు తీసుకొచ్చి డాక్టరమ్మ ముందు పెట్టింది. నివేదిక పెడుతుందనుకున్నాడు సెంటు బాబు. అది రంగురంగుల అట్టతో సిద్ధంగా ఉంది. కానీ మేడమ్ రిజిస్టరే పెట్టింది, సరిగ్గా నిన్నటి పేజీ తెరిచి. ఎడంచేతి గడి తెల్లగా ఉంది.

బాబాయ్ అది చూసి స్టూలు మీంచి లేచాడు. మేడమ్ ఏ అంకెనీ వెయ్యలేదు.

"ఈ గడి ఖాళీగా ఉందేం?" అంది డాక్టరమ్మ.

"అది పాత పద్ధతండీ," అన్నాడు సెంటు బాబు చప్పున. "ఒప్పందంలో తీసేశాం."

"సంతకం కూడా తీసేశారా? ఇక్కడ ఎవరిది ఉండాలి?"

"నాదండీ," అన్నాడు బాబాయ్.

"ఎందుకు పెట్టలేదు?"

గదిలోని విద్యార్థులంతా కథ కోసం చూశారు. బాబాయ్‌కి ఒక్క కథ కూడా తోచలేదు.

"అర నిమిషం ఇప్పించండి డాక్టరమ్మా. చెప్పడం కన్నా చూస్తే తెలుస్తుంది."

కంపెనీ పంజరం బల్లమీదికి తెచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఏమీ రాయని ఎడంచెయ్యి గుడ్డ తొడుగులోంచి లోపలికి పెట్టాడు. గోడ గడియారం ముల్లు టిక్కు టిక్కుమంది. ఒక దోమ కాలు దువ్వుకుంది. ఇంకోటి దూదివైపు నాలుగడుగులు వేసి, ఓపిక లేక ఆగిపోయింది. అర నిమిషం అయింది. నిమిషం అయింది.

"సున్నా," అన్నాడు బాబాయ్. "ఈ చేతికి క్రీము లేదండీ. ఇవి నన్నే కాదు, ఎవర్నీ కుట్టవు. వీటికి కావలసింది నిద్ర."

"నా చెయ్యి పెట్టొచ్చా?" అంది డాక్టరమ్మ.

"ముందు ఆ మూలనున్న వాసనలేని సబ్బుతో కడుక్కోండమ్మా."

ఆమె కడుక్కుని, గాజులు తీసి, మోచేతి దాకా పెట్టింది. దోమలు ఆమెనీ గౌరవించాయి.

"దారిలో అలసిపోయి ఉంటాయి," అన్నాడు సెంటు బాబు. ఎవరో పగలబడి నవ్వారు. అతని మొహం ఎర్రబడింది. అడుగు పలక కింద దూది బాబాయ్ చూపించేసరికి కుర్రాడు నిజంగానే కంగారుపడ్డాడు. "దారిలో చచ్చిపోకూడదని పెట్టి ఉంటారండీ... నాకు, నాకు దోమల గురించి పెద్దగా తెలీదు."

"తెలియకపోవడం తప్పు కాదు," అంది డాక్టరమ్మ. "తెలిపే గడిని తీసేయడం తప్పు. మీ దగ్గర ఆకలి దోమలు ఉన్నాయా, బాబాయ్ గారూ?"

ఉన్నాయి. ఎందుకో ముందురోజు వచ్చేసేముందు, చేతి అలవాటు కొద్దీ, గది సొంత పంజరంలోంచి దూది తీసేశాడు. దాన్ని తెచ్చి తెర తీస్తే లోపల గోలగోల. ఎడంచెయ్యి పెట్టాడు. ముప్పై సెకన్లు. ఒక గుమాస్తా గుడ్లప్పగించి లెక్కపెట్టాడు.

"ఇరవై మూడు!"

తర్వాత కుడిచేతికి కంపెనీ క్రీము కొలిచి రాసుకున్నాడు. డాక్టరమ్మ సంచి పక్కన పెట్టి కుర్చీ లాక్కుంది. "నేను కూర్చుంటాను," అంది.

మొదటిసారి ఏమీ కుట్టలేదు. అరగంటకీ కుట్టలేదు. గంటకీ లేదు. టీలొచ్చాయి. గంటన్నర. రెండు గంటలకీ ఒక్కటి వాలలేదు. అప్పుడు బాబాయ్‌కి అనుమానం వచ్చింది. ఒకవేళ క్రీము నిజంగానే మంచిదైతే? అయితే మంచిదే కదా, ఎనిమిది అని రాసి సంతకం పెడతాను, పిల్లలకీ మంచిదే, అని తనకి తను గట్టిగా చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక ఊపిరి తేలికైంది. ఏ అంకె వచ్చినా అది తన అంకే.

రెండున్నర గంటలకి చెయ్యి పెట్టాడు. ఒక చిన్న దోమ మణికట్టు మీద వాలి, నిలబడి, ముక్కు దించింది. దాని వెనకే ఇంకోటి.

"అమ్మయ్య," అన్నాడు బాబాయ్ పైకే. దోమ కుట్టినందుకు అంత సంతోషించినవాడు భూమ్మీద ఇంకోడు లేడని ఆ తర్వాత విద్యార్థులు ఊరంతా చెప్పుకున్నారు.

డాక్టరమ్మ రిజిస్టరు అతని వైపు తిప్పింది. ఎడంచేతి గడిలో ఇరవై మూడు. కుడిచేతి గడిలో రెండున్నర గంటలు. కింద సంతకం, తోకతో సహా.

"క్రీము చెత్తదేం కాదు," అంది ఆమె. "రెండున్నర గంటలని డబ్బా మీద రాస్తే కొనడం గురించి ఆలోచిస్తాం. ఎనిమిదని రాస్తే లేదు. ఇక నుంచి మేం కొనే సరుకు మేమే పరీక్ష చేయిస్తాం, ఖర్చు మా శాఖది. ఈ గదిలోనే, ఈ చేతితోనే. మేడమ్, మీ పద్ధతిని కాగితం మీద పెట్టి పంపండి."

మేడమ్ తన గదికి వెళ్లింది. సొరుగు తీసి, సంవత్సరంగా పడుకున్న ఆ పాత నివేదిక బయటికి తీసి, దుమ్ము దులిపి తెచ్చి డాక్టరమ్మ సంచిలో పెట్టింది. పెట్టాక కుర్చీలో కూలబడి, నెలల తర్వాత మొదటిసారి భుజాలు దించింది.

సెంటు బాబు వరండాలో చాలాసేపు ఫోను మాట్లాడి వచ్చాడు. ఏసీ యంత్రం పెట్టె విప్పకుండానే వెనక్కి వెళుతుందన్నాడు. స్టయిపెండుల మాట తేలాలి, పై ఆఫీసుకి ఇవాళే రాస్తానంది మేడమ్. కుర్రాడు గుమ్మంలో తచ్చాడి, "బాబాయ్ గారూ, నేను కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూడొచ్చా?" అన్నాడు.

"వద్దు సెంటు బాబూ, దోమలు రాజీనామా ఇస్తాయి," అనేశాడు బాబాయ్. ఆ పేరు మొహం మీదే అనేసినందుకు నాలిక కరుచుకున్నాడు. కుర్రాడు తన చొక్కా వాసన తనే చూసుకుని నవ్వేశాడు. మర్నాడు పొద్దున్న, తను ఆ గదికి వచ్చిన తొమ్మిదేళ్లలో మొదటిసారి, మేడమ్ గాజులు తీసి ఎడంచేతిని తనే పంజరంలో పెట్టింది. పందొమ్మిది వాలాయి.

కమిటీ వచ్చిన ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికి రాగానే భార్య ఎడంచెయ్యి దీపం కిందికి లాగింది. దద్దుర్లు చూసి కళ్లు పెద్దవి చేసింది. తడిగుడ్డ వేసి, నొక్కి, అంతా విన్నది.

"ఉద్యోగం ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

"హమ్మయ్య," అని గోడకి చేరబడింది. తడిగుడ్డ మళ్లీ పిండుతూ, "ఎన్ని వాలాయన్నావు?"

"ఇరవై మూడు. రిజిస్టరులో ఉంది."

ఆమె నమ్మింది. చెయ్యి దురద పెడుతోంది. హాయిగా, నిక్షేపంలా పెడుతోంది. బాబాయ్ గోక్కోవడానికి వంగి, మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"రిజిస్టరులో వెయ్యనివి వేరే ఉన్నాయిలే. ఆ ఇరవై మూడింటి వెనక ఒక ముసలి దోమ ఉంది చూశావూ, అది డాక్టరమ్మకి దణ్ణం పెట్టి..."

తడిగుడ్డ వచ్చి అతని మొహం మీద పడింది.